జిల్లాకో విశ్వవిద్యాలయం ఎందుకండీ?

ఈ మధ్య అమలాపురం దగ్గర ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాలయ్యాక పందిట్లో కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చున్నవాళ్లలో సగం మంది నా పాత విద్యార్థులే. ఒకాయన కొబ్బరి వ్యాపారం, ఒకాయన ఊళ్లో పెద్దమనిషి, ఇంకొకాయన స్థలాల క్రయవిక్రయాలు చూస్తాడు. మాట ఎన్నికల మీదికి, అక్కడి నుంచి జిల్లా మీదికి మళ్లింది. "మాస్టారూ, మనకి కోనసీమ జిల్లా వచ్చింది, కలెక్టరాఫీసు వచ్చింది. ఇంక యూనివర్సిటీ ఒక్కటే బాకీ అండీ. మీరు ఏవో రాస్తూ ఉంటారుగా, దీని మీద కూడా ఒక మాట రాయండి" అన్నాడు స్థలాల పెద్దమనిషి. చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు. రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. వాళ్లు ఆశించిన మాట మాత్రం కాదిది.

గోదావరి డెల్టాకు ఇంకో విశ్వవిద్యాలయం అక్కర్లేదని నా అభిప్రాయం. రాజమండ్రిలో ఉన్న నన్నయ విశ్వవిద్యాలయమే ఎదగాలి. ఆ ఎదుగుదలను ప్రాంగణంలో లేచిన భవనాలతో కొలిస్తే లాభం లేదు. అమలాపురంలో, నరసాపురంలో, రామచంద్రపురంలో, పాలకొల్లులో ఉన్న కళాశాలల్లో పాఠం చెప్పే మనిషి ఉన్నాడా లేదా అన్నదే కొలత కావాలి. ఈ మాట అనే నాకు పక్షపాతం లేదని చెప్పను. డెల్టాలోని ఒక ఎయిడెడ్ కళాశాలలో, అంటే ప్రభుత్వం జీతాలిచ్చే ప్రైవేటు కళాశాలలో, చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. నా ఉద్యోగం విశాఖపట్నం ఆంధ్ర విశ్వవిద్యాలయం గొడుగు కింద మొదలై రాజమండ్రి నన్నయ గొడుగు కింద ముగిసింది. రెండు కాలాలూ చూసినవాడిగా రాస్తున్నాను.

కళాశాలలే ముందు పుట్టాయి

మన దగ్గర వరస తిరగబడి ఉంటుంది. రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ 1853లో జిల్లా స్కూలుగా మొదలై 1873లో కళాశాల అయింది. కాకినాడ పిఠాపురం రాజా కళాశాల 1884 నాటిది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది 1926లో, అదీ బెజవాడలో. వాల్తేరుకు మారింది 1930లో. నన్నయ పేరిట రాజమండ్రికి విశ్వవిద్యాలయం దక్కడానికి 2006 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే ఆర్ట్స్ కాలేజీ మద్రాసు, ఆంధ్ర, నన్నయ అని ముగ్గురి గొడుగు కిందికి మారింది. తల్లికంటే ముందు పుట్టిన పిల్ల అన్నమాట.

ఇది సరదాకి చెప్పడం లేదు. డెల్టా ఉన్నత విద్య చరిత్రలో మనకు గుర్తున్నవాళ్లెవరో ఒకసారి తలుచుకోండి. ఆర్ట్స్ కాలేజీలో తెలుగు పండితుడిగా ఉన్న వీరేశలింగం 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించారు. ఊరు ఊరంతా ఎదురు తిరిగినా ఆయన వెంట నిలిచిన కొద్దిమందిలో కళాశాల విద్యార్థులున్నారు. మద్రాసు విశ్వవిద్యాలయం ఆ విద్యార్థులకు పరీక్ష పెట్టింది, పట్టా ఇచ్చింది. అంతవరకే దాని పని. ఆ తెగువ వాళ్లకు పాఠ్యప్రణాళికలోంచి రాలేదు, తరగతిలో ఎదురుగా నిలబడిన మనిషి నుంచి వచ్చింది.

కూల్డ్రే దొర సంగతీ అంతే. ఆస్వాల్డ్ కూల్డ్రే ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలంలో బొమ్మలు వేసే కుర్రవాళ్లను చేరదీశాడు. దామెర్ల రామారావు ఆయన చలవతోనే బొంబాయి చిత్రకళాశాల దాకా వెళ్లాడు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. చిత్రలేఖనం ఆ కళాశాలలో పరీక్ష సబ్జెక్టు కాదు. ఆయన జీతం తీసుకునే పనిలో అది లేదు. అయినా ఇవాళ రాజమండ్రిలో దామెర్ల చిత్రశాలలోకి అడుగుపెట్టినవాడికి కనపడేది ఆ ఉపాధ్యాయుడు పెట్టిన పెట్టుబడే. సర్వేపల్లి రాధాకృష్ణన్ కూడా 1917 ప్రాంతంలో ఇదే కళాశాలలో తత్వశాస్త్రం చెప్పినవారే. కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ప్రిన్సిపాల్‌గా ఉండి ఆడపిల్లలను, అంటరానివాళ్లంటూ సమాజం దూరం పెట్టిన కులాల పిల్లలను చదువులోకి తెచ్చారు. మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయింది ఆ తరవాత, 1925లో. డెల్టా ఆయన్ను తలుచుకునేది మాత్రం కాకినాడ ప్రిన్సిపాల్‌గానే.

ఉపాధ్యాయుల వల్ల జరిగిన చెడు కూడా చెప్పాలి కదా. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యసించాక విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వచ్చారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ ఆ ఉత్సాహాన్ని శిక్షలతో అణచబోయాడు. ట్రైనింగ్ కాలేజీలో చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు చదువుకూ సర్కారు ఉద్యోగానికీ దూరమయ్యాడు. ఆయన నష్టపోయాడు కానీ తెలుగు పత్రికారంగానికీ గ్రంథాలయోద్యమానికీ లాభమే జరిగిందనుకోండి. మంచికైనా చెడుకైనా విద్యార్థి బతుకును మలుపు తిప్పింది తరగతి గదిలో ఉన్న మనిషే. విశ్వవిద్యాలయ సెనేటు తీర్మానాలు ఆ గది దాకా వచ్చేసరికి పరీక్షల తేదీలుగా మిగిలేవి.

స్వాతంత్ర్యం అటూ ఇటూగా డెల్టా ఊళ్లు తమ కళాశాలలు తామే కట్టుకున్నాయి. భీమవరం కళాశాల, ఏలూరు సి.ఆర్. రెడ్డి కళాశాల 1945లో, నరసాపురం వై.ఎన్. కళాశాల 1949లో, అమలాపురం ఎస్.కె.బి.ఆర్. కళాశాల 1951లో వచ్చాయి. కాలువ నీళ్లు పండించిన ధాన్యం డబ్బు, వ్యాపారుల విరాళాలు వాటి పునాదుల్లో ఉన్నాయి. కాకినాడ ఎం.ఎస్.ఎన్. ప్రాంగణం పేరు వెనక ఉన్న మల్లాడి సత్యలింగం నాయకర్ ఇంకా ముందు తరం మనిషి. కోరంగి వైపు నుంచి రంగూన్ వెళ్లి గడించినదాన్ని ధర్మకార్యాలకు రాసిపోయారు. ఈ ఊళ్లేవీ అప్పట్లో "మాకు విశ్వవిద్యాలయం కావాలి" అని కూర్చోలేదు. పిల్లలకు పాఠం చెప్పే చోటు కావాలనుకున్నాయి.

విశాఖ ప్రయాణం

అలాగని దూరం బాధ నాకు తెలియనిది కాదు. కోనసీమ కుర్రవాడు విశాఖలో పట్టా తెచ్చుకోవాలంటే ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి, కోటిపల్లిలో దిగి, కాకినాడ బస్సు పట్టుకుని, సామర్లకోటలో రైలెక్కేవాడు. ఎదుర్లంక వంతెన 2002 దాకా లేదు. గోదావరి పోటు మీద ఉంటే ఆ రోజుకు ప్రయాణం లేనట్టే. ఒక సంతకం కోసం, ఒక ముద్ర కోసం రెండు రోజులు పోయేవి. చేతిలో డబ్బుండి, విశాఖలో చుట్టాలున్నవాడికి అదొక విహారం. వ్యవసాయ కూలీ కొడుక్కి అది నెల ఖర్చు. నన్నయ విశ్వవిద్యాలయం ఆ ప్రయాణాన్ని రద్దు చేసింది. దీన్ని చిన్న విషయంగా చూసేవాళ్లు ఎప్పుడూ పంటు కోసం రేవులో పడిగాపులు పడి ఉండరు.

అయినా 2006లో మా ఊళ్లో ఎవరూ పండగ చేసుకోలేదు. ఉన్న మర్యాద పోయిందని బాధపడ్డవాళ్లే ఎక్కువ. అప్పటిదాకా పెళ్లి శుభలేఖల్లో వరుడి పేరు పక్కన "బి.ఏ. (ఆంధ్రా)" అని అచ్చు వేయించేవారు. ఆ బ్రాకెట్టు లోపలి మాటకు బజారులో విలువుండేది. మా కాలేజీ గుమస్తా ఒకాయన తన కొడుకు ఆఖరి ఆంధ్రా బ్యాచ్‌లో బయటపడ్డాడని వీధి వీధికీ చెప్పుకున్నాడు. రెండేళ్ల తరవాత అదే కాలేజీలో, అదే గదిలో, అదే మేష్టార్ల దగ్గర చదివిన ఆయన కూతురు పట్టా మీద నన్నయ పేరుంది. చదువులో వెంట్రుకవాసి తేడా లేదు. పెద్దవాడి పట్టాకు చట్రం కట్టించి గోడకు తగిలించారు, చిన్నదానిది బీరువాలో పెట్టారు.

ఆ అమ్మాయి కథ అక్కడితో ఆగలేదు, అందుకే చెబుతున్నాను. ఆమె రాజానగరం ప్రాంగణంలో హాస్టల్లో ఉండి ఎం.ఎస్సీ చేసింది. విశాఖ అయితే పంపేవాణ్ణి కాదని వాళ్ల నాన్నే నాతో అన్నాడు. "రాజమండ్రి అంటే పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చూసి రావచ్చండీ" అన్నాడు. డెల్టా ఆడపిల్లల చదువు విషయంలో ఈ "చూసి రావచ్చు" అన్న మాటకు ఎంత బలముందో నేను కళ్లారా చూశాను. నా వాదనకు ఇదే పెద్ద అడ్డంకి. రాజమండ్రి దగ్గరైతే ఆడపిల్లలు చదివారు కదా, అమలాపురంలోనే ఉంటే ఇంకెంతమంది చదువుతారు అని ఎవరైనా నిలదీస్తే ఏం చెప్పాలి?

చాలా రోజులు దీని గురించే ఆలోచించాను. చివరికి తోచింది ఇది. ఆ అమ్మాయికి దగ్గర కావలసింది ఎం.ఎస్సీ తరగతి, ప్రయోగశాల, హాస్టలు. వైస్ ఛాన్సలర్ బంగళా, రిజిస్ట్రారు కార్యాలయం, పాలకమండలి సమావేశ మందిరం ఆమెకు దగ్గరైతే ఎంత, దూరమైతే ఎంత? అమలాపురంలో ఉన్న కళాశాలలో నాలుగు పీజీ కోర్సులు, వాటికి పూర్తికాలం అధ్యాపకులు, ఆడపిల్లలకు హాస్టలు ఇస్తే దూరం తీరిపోతుంది. తాడేపల్లిగూడెంలోనూ కాకినాడలోనూ ఆంధ్ర విశ్వవిద్యాలయం నడిపిన పీజీ కేంద్రాలే తరవాత నన్నయ ప్రాంగణాలయ్యాయి. అంటే విశ్వవిద్యాలయం తన కాళ్లు చాచగలదు, కొత్తది పుట్టనక్కర్లేదు. మరో పక్క 2020 చివర్లో ప్రభుత్వం ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎత్తేసింది. ఊరి కళాశాలలో పీజీలో చేరే ఆడపిల్లకు అది తగిలిన దెబ్బ. అప్పుడు పందిళ్లలో ఎవరూ దాని గురించి మాట్లాడుకోలేదు.

బోర్డులకు కొదవ లేదు

ఒక లెక్క చూద్దాం. కాకినాడ ఇంజనీరింగ్ కళాశాల 1946 నాటిది. 1972లో జె.ఎన్.టి.యు. (జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం)లో భాగమై, 2008లో తానే విశ్వవిద్యాలయమైంది. తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం 2007లో వచ్చింది. అదే తాడేపల్లిగూడేనికి 2015లో ఎన్.ఐ.టి. వచ్చింది. నరసాపురంలో మత్స్య విశ్వవిద్యాలయానికి 2020లో చట్టం చేసి 2022 నవంబరులో శంకుస్థాపన చేశారు. నన్నయ సరే సరి. బోర్డుల విషయంలో ఉభయ గోదావరుల కంటే అదృష్టవంతులు తక్కువ.

నిజానికి జిల్లాకో విశ్వవిద్యాలయం అన్నది పాత ఆలోచనే. 2006లో నన్నయతోపాటు కడపలో యోగి వేమన, 2008లో మచిలీపట్నంలో కృష్ణా, నెల్లూరులో విక్రమ సింహపురి, కర్నూలులో రాయలసీమ, శ్రీకాకుళంలో అంబేద్కర్ విశ్వవిద్యాలయాలు వచ్చాయి. చట్టం చేయడం తేలిక, శిలాఫలకం వేయడం ఇంకా తేలిక. పోస్టులు మంజూరు చేసి, భర్తీ చేసి, ఏటా జీతాలిచ్చి నిలబెట్టడం దగ్గరే అన్ని ప్రభుత్వాలకూ చెయ్యి బిగుసుకుంటుంది. రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టులకు 2023లో ప్రకటన వచ్చింది. అదీ కోర్టు వివాదాల్లో చిక్కుకుంది. ఒక రాష్ట్రంలో అన్ని వేల ఖాళీలు ఒక్కసారి ప్రకటించాల్సి వచ్చిందంటేనే అంతకు ముందు ఎన్నేళ్లు ఊరుకున్నారో ఊహించుకోవచ్చు.

కోనసీమలో స్థలం సంగతి ఇంకొకటి. నన్నయ ప్రాంగణం డెల్టాలో లేదు, గమనించారా? జాతీయ రహదారి పక్కన రాజానగరం మెట్ట మీద ఉంది. వందల ఎకరాలు ఒక్కచోట దొరకాలంటే మెట్టకే పోవాలి. కోనసీమలో అంత స్థలం కావాలంటే మాగాణిని మట్టి తోలి మెరక చేయాలి. ఆ మట్టి ఖర్చుతో ఎంతమంది అధ్యాపకులకు ఎన్నేళ్లు జీతమివ్వచ్చో ఎవరైనా ఇంజనీరు లెక్క కడితే బాగుండును. మా స్థలాల పెద్దమనిషి ఆ లెక్క వేయడు, పక్క ఎకరం ధర లెక్కే వేస్తాడు. ఆయన్ను తప్పు పట్టను, అది ఆయన వృత్తి.

చెరువు గట్టు మీద లెక్చరర్

ఇప్పుడు డెల్టా డిగ్రీ కళాశాలలో పరిస్థితి ఏమిటో దగ్గర నుంచి చెబుతాను. ఏ కళాశాల అన్నది అనవసరం, చాలా చోట్ల ఇదే కథ. అక్కడ ఆక్వాకల్చర్ డిగ్రీ పెట్టారు. మంచి ఆలోచన. చుట్టూ రొయ్యల చెరువులే, పిల్లల్లో సగం మంది ఇళ్లలో అదే సంపాదన, అదే అప్పు. పాఠం చెప్పడానికి గంటల లెక్కన జీతమిచ్చే గెస్ట్ లెక్చరర్‌ను పెట్టుకున్నారు. కుర్రవాడు చురుకైనవాడు. వైట్ స్పాట్ అనే రొయ్యల తెగులు ఎందుకొస్తుందో, సీడు పరీక్ష చేయించకుండా వనామి రొయ్య పిల్ల వేస్తే ఏమవుతుందో చెరువు గట్టుకు తీసుకెళ్లి మరీ చెప్పేవాడు. వేసవి నెలల్లో క్లాసులుండవు కాబట్టి జీతమూ ఉండదు. రెండో ఏడాది మధ్యలో ఒక మేత కంపెనీలో టెక్నీషియన్‌గా చేరిపోయాడు.

కొన్నాళ్లకు ఆ తరగతిలోని అబ్బాయి ఒకడు నాతో అన్నాడు: "మా సారే మా చెరువు దగ్గరికి వచ్చారండీ, మేత అమ్మడానికి. నీళ్లు కూడా పరీక్ష చేశారు." వాడికి అందులో బాధేమీ కనపడలేదు. సారు ఇంటికొచ్చి చెబుతున్నాడు, అంతకంటే ఏం కావాలి? నాకు మాత్రం ఒక సందేహం పట్టుకుంది. తరగతిలో ఉండగా ఆ కుర్రవాడు "మేత ఎక్కువ వేయకండి, అడుగున కుళ్లిపోతుంది" అని చెప్పేవాడు. ఇప్పుడు నెలకు ఇన్ని బస్తాలు అమ్మాలని కంపెనీ లక్ష్యం పెట్టాక ఆ మాట అంత గట్టిగా చెప్పగలడా? జీతానికి భరోసా ఉన్న అధ్యాపకుడు సమాజానికి ఎందుకు కావాలో ఇంతకంటే వివరంగా చెప్పడం నాకు చేతకాదు.

ఎయిడెడ్ కళాశాలల సంగతి అందరికీ తెలుసు కాబట్టి సాగదీయను. దశాబ్దాల తరబడి కొత్త నియామకాలు లేవు. 2021లో ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వంలోకి తీసుకునే ప్రక్రియ మొదలైంది. వెళ్లినవాళ్లు వెళ్లారు, మిగిలినవాళ్లు రిటైరవుతున్నారు. కట్టడం నిలబడే ఉంది, ముఖద్వారం మీద దాత పేరూ ఉంది. 2023–24లో ఒకే మేజరు పద్ధతి వచ్చాక హెచ్.ఇ.పి. (చరిత్ర, ఆర్థిక, రాజనీతి శాస్త్రాలు) లాంటి పాత గ్రూపులు పోయాయి. చరిత్ర మేజరుగా తీసుకునే పిల్లలెందరో మీరే ఊహించుకోండి. చరిత్ర చెప్పినవాడి ఏడుపు అనుకుంటే అనుకోండి.

తెలుగు సంగతి ఒక్క మాట. నన్నయ పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం కింద, 2021–22 నుంచి డిగ్రీలో తెలుగు మాధ్యమం లేదు. ఇది నన్నయవారు ఒక్కరే తీసుకున్న నిర్ణయం కాదు, రాష్ట్రమంతటికీ వర్తించింది. అయినా రాజరాజ నరేంద్రుడి పేరు పెట్టిన నగర్ అన్న ఆ విశ్వవిద్యాలయం చిరునామా చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

డెల్టాను చదివేదెవరు

మా కళాశాల వృక్షశాస్త్ర విభాగంలో ఒక చెక్క బీరువా ఉండేది. అందులో అట్టల మీద అతికించిన ఎండు కొమ్మలు. తెల్లమడ, నల్లమడ, తిల్ల, ఉప్పు పొన్న. కోరంగి మడ అడవుల్లో ఏరుకొచ్చినవి. ప్రతి అట్ట కింద కుడి మూలన ఇండియా ఇంకుతో పేరు, చోటు, తేదీ. ఆ అక్షరాలు మా సీనియర్ లెక్చరర్ ఒకాయనవి. ఏటా విద్యార్థులను పడవలో తీసుకెళ్లేవారు. తిల్ల కొమ్మ విరిచేటప్పుడు పాలు కంట్లో పడకుండా చూసుకోమని ముందు రోజే హెచ్చరించేవారు. ఆయన పరిశోధన పత్రాలు అంతగా రాయలేదు, పిహెచ్.డి. లేదు. ఇప్పటి లెక్కల ప్రకారం ఆయన పాయింట్లు సున్నా. కానీ మడచెట్ల సరిహద్దు ఎక్కడ వెనక్కి పోయిందో చెప్పడానికి ఆ అట్టల కింది తేదీలు, చోట్లు చాలు. ఆయన రిటైరయ్యాక ఆ స్థానంలో ఎవరూ రాలేదు. బీరువాకు చెద పట్టింది.

నా దృష్టిలో ప్రాంతీయ విశ్వవిద్యాలయానికి ఆ ప్రాంతమే మొదటి పాఠ్యాంశం. 2011లో కోనసీమ రైతులు సార్వాకు (ఖరీఫ్ పంటకు) క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు దేశమంతా ఇటు చూసింది. ధర గిట్టకపోవడం, కూలీల కొరత, మురుగు కాలువలు పూడి చేలల్లో నీరు నిలిచిపోవడం కారణాలని రైతులు చెప్పారు. మోహన్ కందా నాయకత్వంలో ప్రభుత్వం కమిటీ వేస్తే వాళ్లు వచ్చి విని నివేదిక ఇచ్చారు. ఆ ఏడాది మా తరగతిలో ఉన్న పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఆ చేలు బీడుగా ఉన్నాయి. వాళ్ల ఆర్థికశాస్త్రం పాఠంలో మాత్రం ఆ విషయం లేదు, ఎందుకంటే పాఠ్యప్రణాళిక అంతకు ముందే అచ్చయింది. మురుగు కాలువలు, ఉప్పుదేలుతున్న భూములు, నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ల కూలి, 1996 నవంబరు తుఫాను తరవాత కొబ్బరి తోటల్లో వచ్చిన మార్పు, గల్ఫుకు వెళ్లే కోనసీమ ఆడవాళ్లు. వీటి మీద ఏళ్ల తరబడి నిలకడగా పనిచేయడానికి ఊళ్లలోనే ఉండే అధ్యాపకులు కావాలి. ఎక్కడో ఉన్న ప్రాంగణం నుంచి కారులో వచ్చి ప్రశ్నపత్రం నింపించుకుపోయేవాళ్లతో ఆ పని తెమలదు. ప్రతి పాత కళాశాలా ఒక పరిశోధన కేంద్రం కాగలదు. నన్నయ కింద ఉన్న వందల కళాశాలల్లో కనీసం పదింటిని ఎంచుకుని ఆ పని మొదలుపెడితే చాలు.

నాకు ఎదురు చెప్పినవాళ్లు

ఈ మాటలు మిత్రుల దగ్గర అన్నప్పుడు గట్టి జవాబులే వచ్చాయి.

ఒకటి, సంఘసంక్షేమ హాస్టల్లో ఉండి చదువుకుని ఇప్పుడు ఉన్నతాధికారిగా ఉన్న నా విద్యార్థి అన్నది. "మీరు పాత కళాశాలల గురించి మురిసిపోతున్నారు మాస్టారూ. ఆ కమిటీల్లో ఎవరున్నారు? భూములున్న కులాలవాళ్లే కదా. ఉద్యోగాలు ఎవరికి వెళ్లాయి? విశ్వవిద్యాలయానికి రిజర్వేషన్ల రోస్టరుంది, అక్కడ మాకు హక్కుగా చోటుంటుంది. మీ కళాశాలల్లో మేము దయ మీద ఉన్నాం." ఇందులో ఒక్క మాట కూడా కొట్టిపారేయలేను. దాతల ఫొటోలున్న హాల్లో అతను ఎప్పుడూ వెనక బెంచీలోనే కూర్చునేవాడు, అప్పుడు నేను కారణం అడగలేదు. అందుకే నా కోరిక పాత కమిటీల చేతికి మళ్లీ డబ్బులివ్వమని కాదు. ఆ కళాశాలల్లో పోస్టులు ప్రభుత్వమే, రోస్టరు ప్రకారమే, బహిరంగ పోటీతో నింపాలి. అప్పుడు అతను కోరిన హక్కు రాజానగరంలో ఉన్నట్టే రాజోలులోనూ ఉంటుంది.

రెండో జవాబు పరీక్షల విభాగంలో పనిచేసి వచ్చిన మిత్రుడిది. ఇన్ని కళాశాలల పరీక్షలు, ఫలితాలు, రీవాల్యుయేషన్లు, పట్టాల బరువు మోసే విశ్వవిద్యాలయానికి పరిశోధనకు తీరికెక్కడిది, రెండుగా చీలిస్తేనైనా ఊపిరాడుతుంది అన్నాడు. సగం నిజమే. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి 1976లో నాగార్జున, 2006లో నన్నయ విడిపడడానికి అదీ ఒక కారణం. కానీ చీల్చిన ప్రతిసారీ కొత్త ముక్క కూడా అదే పరీక్షల బరువుతోనే పుట్టింది. పరీక్షలను వేరే వ్యవస్థకు అప్పగించడమో, మంచి కళాశాలలకు స్వయంప్రతిపత్తి ఇచ్చి వాటి పరీక్ష వాటినే పెట్టుకోనివ్వడమో చేయకుండా ఎన్ని ముక్కలు చేసినా ఒకటే.

మూడోది మాత్రం నన్ను ఇబ్బంది పెట్టింది. ఇందాక చెప్పిన గుమస్తాగారమ్మాయి ఇప్పుడు ఒక కళాశాలలో గెస్ట్ లెక్చరర్. లెక్చరర్ల అర్హత పరీక్ష నెట్ పాసైంది, పిహెచ్.డి. చేసింది. ఫోనులో ఇదంతా వినిపించాను. "మీరు చెప్పింది బాగానే ఉంది సార్. కానీ కొత్త యూనివర్సిటీ అంటే కొత్త పోస్టులు. నాకు మిగిలిన ఆశ అదొక్కటే. మీరు వద్దంటూ రాస్తే నా కడుపు మీద కొట్టినట్టే" అంది. ఆమె వయసు నలభైకి దగ్గరవుతోంది.

ఆమెకు నేను చెప్పగలిగింది ఇది. కొత్త విశ్వవిద్యాలయానికి మంజూరయ్యే పోస్టులు కూడా అదే ఖజానా నుంచి, అదే ఆర్థిక శాఖ ఫైలు మీదుగా, అదే కోర్టుల మీదుగా రావాలి. ముందు వచ్చేది వైస్ ఛాన్సలర్, ఆయనకు కారు, ఆ తరవాత తాత్కాలిక భవనం, ఆ తరవాత మళ్లీ గెస్ట్ లెక్చరర్లే. అమలాపురంలో అరవై పోస్టులు అడగడానికి చట్టం అక్కర్లేదు, శిలాఫలకం అక్కర్లేదు, మట్టి తోలక్కర్లేదు. ఒక్క జీవో చాలు. పందిట్లో తలలూపిన మా పెద్దమనుషులు ఆ జీవో కోసం ఒక్క అర్జీ పెట్టినా మొదటి సంతకం నేను చేస్తాను, రెండోది ఆమె చేత చేయిస్తాను. "అరవై ఎవరిస్తారు సార్, ఆరు ఇస్తే చాలు" అంది ఆమె.